సూటిగా రాసిన జాబుకే బేరం
ఏటికొప్పాక బొమ్మకు ఈ-మెయిల్ తోడు – రాసే తీరు తెలిస్తే దళారి అవసరం తగ్గుతుంది

ఏటికొప్పాక: వరాహ నది ఒడ్డున ఉన్న ఈ ఊళ్లో అంకుడు కర్ర లేత్ మీద తిరుగుతుంది. తిరుగుతున్న కర్రకు లక్క అంటుకుంటుంది. కుంకుమ భరిణె, లక్కపిడతలు, బొంగరం, కొలువు బొమ్మ ఒక్కొక్కటిగా తయారవుతాయి. చేయి తిరిగిన పనివానికి ఇదంతా అలవాటైన విద్య. చేసిన బొమ్మను గిట్టుబాటు ధరకు అమ్ముకోవడమే కష్టం.

పేరుకేమీ లోటు లేదు. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ప్రకృతి రంగుల వాడకానికి పాటుపడిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ ప్రకటించారు. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటంపై ఈ బొమ్మలే కొలువు తీరాయి. ఆ శకటానికి మూడో స్థానం దక్కింది. అయితే పేరు వేరు, బేరం వేరు. శకటం చూసి ముచ్చటపడిన వారికి బొమ్మ ఎవరి దగ్గర దొరుకుతుందో, ఎంతకు దొరుకుతుందో ఎవరో ఒకరు చెప్పాలి. తయారుచేసినవారు చెప్పకపోతే మధ్యవారు చెబుతారు. చెప్పినందుకు లాభమూ వారే తీసుకుంటారు.

ఈ మాట నేరుగా చెప్పుకునేందుకు చేతిలోనే సాధనం ఉంది. ఫోనులో ఉండే ఈ-మెయిల్ అది. వాట్సాప్ ఉండగా ఇదెందుకన్న ప్రశ్న సహజమే. ఇరుగు పొరుగుతో, తెలిసిన ఖాతాదారుతో మాట్లాడడానికి వాట్సాప్ చాలు. కాని నగరాల్లోని పెద్ద దుకాణాలు, బహుమతి వస్తువులు కొనే కంపెనీలు, విదేశాల్లోని తెలుగువారు ధరల పట్టికను, ఆర్డరును, బిల్లును ఎక్కువగా ఈ-మెయిల్‌లోనే కోరతారు. నిరుడు వచ్చిన జాబును ఈ ఏడు వెతికి తీసి మళ్లీ ఆర్డరు పెట్టవచ్చు. వాట్సాప్‌లో వచ్చిన సందేశం పదిరోజులకే పండుగ శుభాకాంక్షల కింద కూరుకుపోతుంది.

అయితే ఈ-మెయిల్ ఉన్నంత మాత్రాన ఆర్డర్లు రావు. రాసే తీరును బట్టే ఫలితం ఉంటుంది. తీరు తప్పితే ఉన్న ఖాతాదారు కూడా దూరమవుతాడు.

వి.పి.పి. నాటి పాఠం

ఒకప్పుడు పుస్తకాలు, మందులు, గడియారాలు వి.పి.పి.లో తెప్పించుకున్న సంగతి ఊళ్లలోని పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ఆనాటి వ్యాపారి ధరల పట్టిక అచ్చు వేయించి, కవరు మీద బిళ్ల అంటించి పంపేవాడు. ప్రతి జాబుకూ ఖర్చయ్యేది. అందువల్ల కొనగలవాడు ఎవరో ఆలోచించి, వాడికి కావలసిన సంగతి మాత్రమే రాసేవాడు. 

ఈ-మెయిల్‌కు బిళ్ల ఖర్చు లేదు. తిప్పలన్నీ అక్కడే మొదలయ్యాయి. ఒకరికి పంపినా, వెయ్యిమందికి పంపినా ఖర్చు ఒకటే కావడంతో దొరికిన ప్రతి చిరునామాకూ పంపే అలవాటు పెరిగింది. అక్కరలేని ఇటువంటి జాబులకే స్పామ్ అని పేరు.

తొలి ప్రకటనకే తిట్లు

దీని చరిత్ర తెలుసుకోదగ్గది. ఒక కంప్యూటరు నుంచి మరో కంప్యూటరుకు నెట్‌వర్కు ద్వారా జాబు పంపే పద్ధతిని 1971లో అమెరికాలో రే టామ్లిన్సన్ అమలు చేశారు. చిరునామా మధ్యలో కనిపించే ‘@’ గుర్తును ఎంచుకున్నదీ ఆయనే. ఏడేళ్ల తర్వాత, 1978 మే 3న, డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే కంప్యూటర్ల కంపెనీలో అమ్మకాల విభాగంలో ఉన్న గ్యారీ థర్క్ అదే నెట్‌వర్కులో సుమారు 400 మందికి ఒకే ప్రకటన పంపించారు. కాలిఫోర్నియాలో కొత్త యంత్రాలు ప్రదర్శిస్తున్నాం, వచ్చి చూడమని దాని సారాంశం.

అడగకుండా వచ్చిన ఆ జాబుపై చాలామంది మండిపడ్డారు. ఆ నెట్‌వర్కు అమెరికా రక్షణ శాఖది కావడంతో అధికారుల నుంచీ మందలింపు తప్పలేదు. పైగా చిరునామాలు మరీ ఎక్కువ కావడంతో గడిలో పట్టక, కొన్ని కారి జాబు లోపలికే వచ్చిపడ్డాయి. దానివల్ల తమ కంపెనీకి కోటి డాలర్లకు పైగా వ్యాపారం జరిగిందని థర్క్ ఆ తర్వాత చెప్పుకున్నారు. అది జరిగి ఉండవచ్చు. అలాంటి జాబు అప్పటికి అదొక్కటే. నేడు ప్రతి పెట్టెలోనూ రోజుకు పదుల సంఖ్యలో ప్రకటనలు వచ్చి పడుతున్నాయి. ఊరూ పేరూ తెలియని జాబును తెరిచే ఓపిక ఎవరికీ లేదు.

స్పామ్ పెట్టెలో పడితే అంతే

ఊరికే పంపితే పోయేదేముంది, చదివితే చదువుతారు, లేకపోతే లేదు అనుకోవడం పొరపాటు. పోయేది చాలానే ఉంది.

జాబు అందుకున్నవారు విసుగెత్తి ‘స్పామ్’ అనే మీట నొక్కితే ఆ ఫిర్యాదు జీమెయిల్ వంటి సంస్థల లెక్కల్లోకి ఎక్కుతుంది. అలాంటి ఫిర్యాదులు పెరిగిన కొద్దీ ఆ చిరునామా నుంచి వచ్చే జాబులన్నిటినీ అనుమానంతో చూస్తారు. చివరకు ఖాతాదారు కోరి అడిగిన ధరల పట్టిక సైతం స్పామ్ పెట్టెలో పడవచ్చు. ఆర్డరు ఇవ్వబోయిన దుకాణదారు జవాబు రాలేదనుకుని మరొకరి దగ్గరకు పోతాడు. ఆర్డరు ఎందుకు పోయిందో బొమ్మల తయారీదారుకు తెలియనే తెలియదు.

2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ కట్టుదిట్టాలు పెంచింది. రోజుకు 5,000కు మించి జాబులు పంపేవారు తమ చిరునామా అసలైనదని రుజువు చూపాలి. ఇక వద్దనుకున్నవారు ఒక్క మీటతో తప్పుకునే ఏర్పాటు ఉండాలి. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. అంటే వెయ్యి జాబులకు ముగ్గురు ఫిర్యాదు చేసినా ముప్పే. మామూలు ఉచిత ఖాతా నుంచి రోజుకు 500 మందికి మించి పంపనివ్వరు. మన బొమ్మల తయారీదారుకు ఇన్ని వేల జాబులతో పనిలేదు. అయినా సూత్రం అందరికీ ఒకటే. కోరినవారికి పంపిన యాభై జాబులు కోరనివారికి పంపిన ఐదు వేల కంటే మేలు.

చిరునామాల పుస్తకమే పెట్టుబడి

మంచి జాబు కంప్యూటరు ముందు మొదలు కాదు. బొమ్మ అమ్మిన చోటే మొదలవుతుంది. విశాఖపట్నంలోనో, హైదరాబాదులోనో ప్రదర్శనలో దుకాణం పెట్టినప్పుడు పక్కన ఒక నోటుబుక్కు ఉంచాలి. ‘కొత్త బొమ్మలు వచ్చినప్పుడు మీకు జాబు రాయమంటారా?’ అని కొన్నవారిని అడగాలి. సరేనన్నవారి చేతనే పేరు, ఊరు, ఈ-మెయిల్ రాయించుకోవాలి. ఏ బొమ్మ కొన్నారు, ఏ పండుగకు కొన్నారు అన్నది ఆ రాత్రే పక్కన నమోదు చేసుకోవాలి. చిరునామాలో ఒక్క అక్షరం తప్పినా జాబు చేరదు గనుక రాసింది అక్కడే చదివి వినిపించడం మంచిది.

వేల చిరునామాలు ఇంతకు ఇస్తామని అమ్మజూపేవారు ఉంటారు. అటువంటి జాబితా కొనడం డబ్బు తగలేసుకోవడమే. అందులోని వారెవరూ మన జాబు కోరినవారు కారు.

చట్టం కూడా ఇదే చెబుతోంది. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. దాని నియమాలను 2025 నవంబరులో ప్రకటించి, దశలవారీగా అమలుకు గడువులు పెట్టారు. ఒకరి వివరాలు ఏ పనికి తీసుకుంటున్నామో చెప్పి అనుమతి పొందాలని, అనుమతి ఇచ్చినంత తేలికగానే వెనక్కు తీసుకునే వీలుండాలని ఆ చట్టం సారాంశం. అమెరికాలో 2003లో చేసిన చట్టం ప్రకారం ప్రకటన జాబులో మోసపుచ్చే శీర్షిక ఉండకూడదు. పంపినవారి తపాలా చిరునామా ఉండాలి. వద్దన్నవారిని పది పనిదినాల్లోగా జాబితా నుంచి తీసివేయాలి. అక్కడి తెలుగువారికి బొమ్మలు అమ్మదలచినవారు ఇది గుర్తుంచుకోవాలి.

ముఖం చూసి తలుపు తీస్తారు

జాబు రాగానే మొదట కనిపించేవి రెండే. పంపినవారి పేరు, సబ్జెక్టు గడిలోని మాట. ఇంటి గుమ్మంలో నిలబడ్డ మనిషి ముఖం లాంటివి అవి. తెలిసిన ముఖమైతే తలుపు తీస్తారు.

పంపినవారి పేరు దగ్గర పిల్లల ముద్దుపేర్లు, సినిమా పేర్లు ఉండరాదు. సొంత పేరు, దాని పక్కనే ‘ఏటికొప్పాక బొమ్మలు’ అని ఉంటే చాలు. సబ్జెక్టులో మాటలు ఆరేడుకు మించితే ఫోను తెర మీద పూర్తిగా కనిపించవు. అందువల్ల అసలు సంగతి మొదటి మాటల్లోనే రావాలి.

‘గొప్ప అవకాశం!!! నేడే కొనండి!!!’ అని రాస్తే ఎవరు రాశారో, ఏం అమ్ముతున్నారో తెలియదు. ఆశ్చర్యార్థకాలు ఎన్ని పెడితే అంత అనుమానం. ‘సంక్రాంతి కొలువు బొమ్మలు సిద్ధం’ అని రాస్తే నాలుగు మాటల్లో సంగతి తెలిసిపోతుంది. కొలువు పెట్టే ఇంటివారు తెరుస్తారు. కొలువు లేని ఇంటివారు తెరవకపోయినా విసుక్కోరు.

‘మీ ఆర్డరు గురించి’ అని రాసి లోపల ప్రకటన పెట్టడం కొందరి తెలివి. ఒకసారి తెరిపించవచ్చు గాని, మోసపోయానన్న మనిషి రెండోసారి తెరవడు.

లోపల ఏముండాలి?

జాబు తెరిచిన మనిషికి ప్రశ్నలు ఐదే. వస్తువు ఏమిటి? ధర ఎంత? ఎప్పటికి చేరుతుంది? విరిగితే ఏం చేస్తారు? ఆర్డరు ఎలా ఇవ్వాలి? ఈ ఐదింటికీ జవాబు లేని జాబు ఎంత తియ్యగా ఉన్నా పని చేయదు.

మామూలుగా రాసే జాబు ఇలా ఉంటుంది:

‘గౌరవనీయులైన అయ్యా, మా వద్ద అన్ని రకముల బొమ్మలు సరసమైన ధరలకు లభించును. నాణ్యతకు మా సంస్థ పెట్టింది పేరు. తమరు ఒక్క అవకాశం ఇచ్చి ప్రోత్సహించగలరని ప్రార్థన.’

ఇందులో మర్యాద ఉంది. సమాచారం లేదు. ధర తెలియాలంటే తిరిగి జాబు రాయాలి. అంత తీరిక ఎవరికి ఉంటుంది? అదే సంగతి ఇలా రాయవచ్చు. ఇందులోని అంకెలు నమూనా కోసం మాత్రమే.

‘అమ్మా, నమస్కారం. నిరుడు విశాఖ ప్రదర్శనలో మీరు మా దగ్గర పెళ్లి బొమ్మల జత తీసుకున్నారు. ఈ సంక్రాంతి కొలువుకు 12 బొమ్మల సెట్టు చేశాం. అంకుడు కర్ర, లక్క, ప్రకృతి రంగులు. పెద్ద బొమ్మ ఎత్తు ఆరు అంగుళాలు. సెట్టు ధర 1,500 రూపాయలు, పార్సిలు ఖర్చు 150. డిసెంబరు 20లోగా చెబితే పండుగకు ముందే చేరేలా పంపగలం. దారిలో విరిగితే ఫోటో పంపండి, బదులు బొమ్మ పంపుతాం. కావాలంటే ఈ జాబుకే జవాబుగా మీ చిరునామా, పిన్‌కోడు రాయండి. ఇకమీదట జాబులు వద్దనుకుంటే ‘వద్దు’ అని ఒక్క మాట రాయండి, మానేస్తాం.’

ఈ జాబులో గొప్పలు లేవు. చదివినవారు ఏం చేయాలో మాత్రం స్పష్టంగా ఉంది. చేయవలసింది కూడా ఒక్కటే. ఫోను చేయండి, వెబ్‌సైటు చూడండి, దుకాణానికి రండి, స్నేహితులకు చెప్పండి అని నాలుగు పనులు అప్పగిస్తే చదివినవారు ఒక్కటీ చేయరు.

దుకాణానికి వేరు, ఇంటికి వేరు

ఇంటి కోసం కొనేవారికి రాసిన జాబునే నగరంలోని దుకాణానికి పంపితే ప్రయోజనం ఉండదు. దుకాణదారు చూసేది వేరు. కనీసం ఎన్ని తీసుకోవాలి, టోకు ధర ఎంత, నెలకు ఎన్ని ఇవ్వగలరు, బిల్లు ఇస్తారా అన్నవి అతని ప్రశ్నలు. నెలకు 200 చేయగలిగినవారు 1,000 చేస్తామని రాయరాదు. మొదటి గడువు తప్పితే రెండో ఆర్డరు రాదు.

దుకాణదారు తప్పక అడిగే మరో సంగతి ఉంది. బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి చేస్తూ 2020లో వచ్చిన కేంద్ర ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. అయితే హస్తకళల అభివృద్ధి కమిషనర్ వద్ద నమోదైన కళాకారులు చేసి అమ్మే బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు కింద నమోదైన హక్కుదారులు, అధీకృత వినియోగదారులు చేసి అమ్మే బొమ్మలకు 2020 డిసెంబరు సవరణలో మినహాయింపు ఇచ్చారు. ఈ సంగతి తెలియక వెనకాడే దుకాణాలు ఉంటాయి. నమోదు ఉన్నవారు ఆ సంఖ్యను మొదటి జాబులోనే రాస్తే సగం సందేహం తీరుతుంది. నమోదు లేనివారు ముందుగా ఆ పని చూసుకోవాలి. అధీకృత వినియోగదారుగా నమోదు కాకుండా భౌగోళిక గుర్తింపు ముద్ర వేసుకోవడం తగదు.

ఏ ఊరికి ఎప్పుడు?

కొలువు బొమ్మలు అమ్మేవారు క్యాలెండరు దగ్గర పెట్టుకుని రాయాలి. మన కోస్తా ఇళ్లలో బొమ్మల కొలువు ఎక్కువగా సంక్రాంతికి పెడతారు. తమిళ, కన్నడ కుటుంబాల్లో దసరా నవరాత్రులకు పెడతారు. తెలుగువారిలోనూ దసరాకు పెట్టేవారు ఉన్నారు. కాబట్టి చెన్నై, బెంగళూరు ఖాతాదారులకు ఆగస్టులోనే జాబు వెళ్లాలి. విశాఖ, విజయవాడ ఇళ్లకు డిసెంబరు మొదటి వారంలో వెళితే సరిపోతుంది. విదేశాలకు పార్సిలు చేరే రోజులు కలుపుకుని ఇంకా ముందే రాయాలి. దుకాణాలు పండుగకు రెండు మూడు నెలల ముందే సరకు మాట్లాడుకుంటాయి గనుక వారికి మరింత ముందుగా చెప్పాలి. నోటుబుక్కులో ‘ఏ పండుగకు కొన్నారు’ అన్న గడి ఇక్కడే అక్కరకు వస్తుంది.

ఊరికే వారం వారం రాస్తే జనం విసుక్కుంటారు. ఏడాదికి నాలుగైదు జాబులు చాలు. రాసిన ప్రతిసారీ చెప్పదగిన కొత్త సంగతి ఒకటి ఉండాలి.

ఫోటో ఒకటి రెండు చాలు

బొమ్మ కంటితో చూసి కొనే వస్తువు కాబట్టి ఫోటో ఉండాలి. పగటి వెలుతురులో, తెల్లని గుడ్డ మీద పెట్టి తీసినది మేలు. పక్కన చేయి ఉంటే పరిమాణం తెలుస్తుంది. పదిహేను పెద్ద ఫోటోలు పెడితే సిగ్నలు సరిగా లేని చోట తెరుచుకోవు. జీమెయిల్‌లో 25 ఎం.బి.కి మించిన బరువు జాబుతో నేరుగా వెళ్లదు. ధర, గడువు ఫోటో మీద అచ్చు వేయకుండా జాబులోనే రాయాలి. ఫోటో తెరుచుకోకపోయినా సంగతి తెలియాలి.

ఒకే జాబు పదిమందికి పంపేటప్పుడు చిరునామాలన్నీ ‘టు’ గడిలో పెడితే ఒకరి చిరునామా మరొకరికి తెలిసిపోతుంది. ‘బి.సి.సి.’ అనే గడిలో పెడితే ఎవరిది వారికే ఉంటుంది. అంతకంటే మేలు, పేరు పెట్టి ఒక్కొక్కరికి విడిగా రాయడం. యాభైమంది అయితే ఒక సాయంత్రం పని.

మాట తప్పితే బొమ్మ కూడా మెరవదు

రసాయన రంగు వేసిన బొమ్మకు ప్రకృతి రంగు అని రాయరాదు. పసిపిల్లలు నోట పెట్టుకునే వస్తువు ఇది. ఒక్కరు అబద్ధమాడినా మాట పడేది ఊరంతా. ప్రకృతి రంగుల బొమ్మలో ఛాయ ఒక విడతకూ మరో విడతకూ కొంచెం తేడా వస్తే ఆ సంగతి ముందే చెప్పాలి. ముందు చెబితే అది బొమ్మ గుణం అవుతుంది. తర్వాత చెబితే సాకు అవుతుంది.

ఇంగ్లీషు రానివారు ఫోనులోని కృత్రిమ మేధ చేత జాబు రాయించుకోవడం ఇప్పుడు సులువే. బెంగళూరు దుకాణానికి రాయడానికి అది ఉపయోగపడుతుంది. అయితే అది అడగని గొప్పలు కూడా చేరుస్తుంది. వందేళ్ల సంస్థ అని, ప్రపంచ ప్రసిద్ధమని రాసినా రాస్తుంది. పంపే ముందు చదువుకున్న పిల్లల చేత తెలుగులో చెప్పించుకుని, మనది కాని మాట కొట్టివేయాలి.

జవాబుల్లో దొంగ జవాబులూ వస్తాయి. పెద్ద ఆర్డరు ఇస్తామని, డబ్బు పంపడానికి క్యూఆర్ కోడు స్కాన్ చేసి పిన్ కొట్టమని ఎవరైనా అంటే అది మోసమే. డబ్బు పుచ్చుకోవడానికి యు.పి.ఐ. పిన్ అక్కరలేదు. మోసపోతే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి.

జవాబు వచ్చాకే అసలు పని

ధర అడిగిన మనిషికి అదే రోజు జవాబు రాయాలి. సరకు లేకపోతే లేదని, ఎప్పటికి వస్తుందో రాయాలి. ఆర్డరు వస్తే ‘అందింది’ అని ఒక జాబు, పార్సిలు వేసిన రోజు రసీదు నంబరుతో మరో జాబు వెళ్లాలి. పార్సిలు చేరాక బాగుందా అని అడగాలి. ఈ మూడు జాబుల్లో ప్రకటన లేదు. అయినా మళ్లీ కొనిపించేవి ఇవే.

చివరగా లెక్క. యాభైమందికి రాస్తే ఎందరు జవాబిచ్చారు, ఎందరు కొన్నారు, ఎందరు వద్దన్నారు అన్నది నోటుబుక్కులో వేసుకోవాలి. వద్దన్న పేరు కొట్టివేయాలి. రెండేళ్లుగా పలకని పేరుకు ఇంకా రాయమంటారా అని ఒకసారి అడిగి, జవాబు లేకపోతే అదీ తీసివేయాలి. పుస్తకంలో పేర్లు తగ్గుతాయి. మిగిలినవారు మాత్రం ఆ జాబు కోసం చూసేవారే. పండుగ దాటాక లేత్ ఆగిపోకుండా ఉండాలంటే అటువంటి ఇళ్లు ఒక వంద ఉన్నా ఒక కుటుంబానికి ఆసరా దొరుకుతుంది. అందులో దళారికి వాటా ఉండదు.